44 పాయింట్ల మొనగాడు, 38 షాట్ల లెక్క

ముందే చెప్పేస్తున్నాను, ఇది క్రికెట్ గురించి కాదు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి. ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్ళు చాలామంది చేసే పనే నేనూ చేశాను. మొదటి సెమిస్టర్లో స్టూడెంట్ టికెట్ చవగ్గా వస్తోంది కదా అని ఒక మ్యాచికి వెళ్ళాను, వాళ్ళు ఫ్రీగా పంచిన టీషర్టు తెచ్చుకున్నాను, ఆ తర్వాత ఆ పిచ్చిలోంచి బయటపడలేదు. టీషర్టు ఎప్పుడో చిరిగిపోయింది. పిచ్చి మాత్రం అలాగే ఉంది :)

2023 మార్చిలో ఒక రాత్రి మా రూమ్మేటూ నేనూ కుక్కర్ దించడం కూడా మర్చిపోయి ఒక మ్యాచి చూస్తున్నాం. అందులో ఆడేవి పెద్ద జట్లేమీ కావు. డెట్రాయిట్ మెర్సీ అని ఒక చిన్న యూనివర్సిటీ. అందులో ఆంట్వాన్ డేవిస్ అనే కుర్రాడికి ఆ రాత్రి ఇంకో 26 పాయింట్లు వస్తే, 1970 నుంచీ ఎవరూ ముట్టుకోలేని పీట్ మరావిచ్ రికార్డు బద్దలవుతుంది. మరావిచ్‌వి మొత్తం 3,667 పాయింట్లు. డేవిస్ ఆ రాత్రి 22 కొట్టాడు. మొత్తం 3,664 దగ్గర ఆగిపోయాడు. మూడంటే మూడు పాయింట్లు తక్కువ! గీత బయటినుంచి ఒక్క షాటు పడితే సమానమయ్యేది. జట్టు ఓడిపోయింది, వేరే టోర్నమెంటుకి పిలుపు రాలేదు, అంతటితో అయిపోయింది.

మా రూమ్మేటు వరంగల్ వాడు. వాడు తల పట్టుకుని కూర్చుంటే, నేను ఊరుకోవచ్చు కదా, "మంచిదే అయిందిలేరా" అన్నాను. "మరావిచ్ 83 మ్యాచుల్లో కొట్టింది వీడు 144 మ్యాచుల్లో కొట్టాడు. అయినా అసలు ఆ మరావిచ్ రికార్డే ఓ దండగ రికార్డు" అని కూడా అన్నాను. అంతే. అన్నం చల్లారిపోయేదాకా కొట్టుకున్నాం.

నా వాదన ఇదీ. మరావిచ్ లూసియానాలోని ఎల్‌ఎస్‌యూ జట్టుకి 1967 నుంచి 1970 దాకా మూడు సీజన్లు ఆడాడు. (అప్పట్లో మొదటి సంవత్సరం కుర్రాళ్ళని అసలు జట్టులో ఆడనిచ్చేవారు కాదు, అందుకే మూడే.) మ్యాచికి సగటున 44.2 పాయింట్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అందుకోసం వేసిన షాట్లు 3,166. అంటే మ్యాచికి 38. అందులో పడ్డవి 1,387, అంటే 43.8 శాతం. ఫ్రీ త్రోలు 1,152 వేసి 893 పడేశాడు. ఇప్పుడు ట్రూ షూటింగ్ అని ఒక లెక్క ఉంది. షాట్లూ ఫ్రీ త్రోలూ అన్నీ కలిపి ఒక్కో ప్రయత్నానికి ఎన్ని పాయింట్లొచ్చాయో చూసి, దాన్ని రెండుతో భాగిస్తారు. మరావిచ్‌ది సుమారు 49.4 శాతం వస్తుంది. అంటే ప్రయత్నానికి ఒక్క పాయింటు కూడా పూర్తిగా రాలేదు. ఆయన రోజుల్లో మూడు పాయింట్ల గీత లేదు, ఆ మాట నిజమే, దూరం నుంచి వేసినవాటికీ రెండే ఇచ్చారు. అయినా "బంతి చేతికొస్తే వదలడు, వాళ్ళ నాన్నే కోచ్, ఆపేవాడు లేడు" అని నా తీర్పు. (డేవిస్‌కీ వాళ్ళ నాన్నే కోచ్. చూశారా!)

మావాడి దగ్గర లెక్కల్లేవు. వాడన్నది ఒక్కటే మాట: "ఆయన లేకుంటే ఆ టీముకు దిక్కెవరున్నరురా? గది లెక్క సూసినవా నువ్వు?" నేను చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాను.

నేనెందుకంత మొండిగా ఉన్నానో చెప్పాలంటే ఈ లెక్కల కథ కొంచెం చెప్పాలి. బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపూ ఒక 'పొసెషన్'. షాటు పడినా, పడక అవతలివాళ్ళు లాక్కున్నా, చేజార్చుకున్నా, అది అయిపోయి బంతి ఎదుటివాళ్ళకి వెళ్తుంది. అంచేత మ్యాచి మొత్తం మీద రెండు జట్లకీ వచ్చే పొసెషన్లు దాదాపు సమానం. ఇక గెలుపు ఎక్కడుంటుంది? ఒక్కో పొసెషన్‌కి ఎన్ని పాయింట్లు రాబట్టారు అన్నదాంట్లో. అంతే. మనకి వన్డేలో రెండు జట్లకీ 50 ఓవర్లే ఇచ్చినట్టన్నమాట. 1975 వరల్డ్ కప్పులో మన గవాస్కర్ 174 బంతులాడి 36 నాటౌట్‌గా నిలిచిన సంగతి చెప్తే ఇంకో ఉదాహరణ అక్కర్లేదు. వికెట్ పోలేదు, నిజమే. 60 ఓవర్లు పోయాయి.

ఈ విషయం కంప్యూటర్లొచ్చాక కనిపెట్టింది కాదు. నార్త్ కరోలినా కోచ్ డీన్ స్మిత్ 1950ల్లోనే మ్యాచికెన్ని పాయింట్లని కాకుండా పొసెషన్‌కెన్ని పాయింట్లని లెక్క కట్టేవాడు. ఆయన చదివింది గణితం లెండి. ఆయన దగ్గర ఆడినప్పుడు మైకేల్ జోర్డాన్ సగటు 17.7 పాయింట్లే. "జోర్డాన్‌ని 20 లోపు ఆపగలిగింది ఒక్క డీన్ స్మిత్తే" అని ఇక్కడ ఒక పాత జోకు. ఆ కోచ్ దగ్గర ఎవడికి ఖాళీ దొరికితే వాడే షాటు వెయ్యాలి, జోర్డాన్ అయినా సరే. తర్వాత డీన్ ఆలివర్ అని ఒక ఇంజనీరు 2004లో పుస్తకం రాసి, గెలుపుని నాలుగు ముక్కలు చేసి చూపించాడు: షాట్లు ఎంత బాగా పడ్డాయి, బంతి ఎన్నిసార్లు చేజారింది, తప్పిన షాటుని మళ్ళీ ఎన్నిసార్లు అందుకున్నారు, ఫ్రీ త్రోలు ఎన్ని సంపాదించారు. అందులో మొదటిదానికే ఎక్కువ బరువు. ఇంకో ఆయన కెన్ పోమరాయ్, వాతావరణ శాఖలో పనిచేసినవాడు, కాలేజీ జట్లన్నిటికీ 100 పొసెషన్లకి ఎన్ని పాయింట్లో లెక్కేసి, ఎదుటి జట్టు బలాన్నిబట్టి సరిచేసి పెట్టడం మొదలెట్టాడు. మొదట్లో నవ్వినవాళ్ళున్నారేమో గానీ, 2018లో ఎన్‌సీఏఏ వాళ్ళే తమ పాత ర్యాంకింగ్ పద్ధతి పక్కన పడేసి, ఈ సామర్థ్యం లెక్క కలిసిన కొత్త పద్ధతి తెచ్చుకున్నారు. 2019లో వర్జీనియా ఛాంపియన్ అయింది. దేశంలో అతి నెమ్మదిగా ఆడే జట్లలో అదొకటి. మ్యాచికెన్ని పాయింట్లు అని చూస్తే ఆ జట్టు ఎక్కడో కిందుంటుంది. పొసెషన్‌కెన్ని అని చూస్తే మాత్రం పైన ఉంటుంది.

నాలాంటి వాడికి ఇది చదివితే పూనకం రాదూ? పోమరాయ్ వాడే సూత్రం నాకు ఇంటి అడ్రసులా నోటికొచ్చు: షాట్ల ప్రయత్నాలు, మైనస్ సొంత జట్టు తిరిగి అందుకున్న బంతులు, ప్లస్ చేజార్చినవి, ప్లస్ 0.475 రెట్ల ఫ్రీ త్రోలు. ఆ 0.475 ఎందుకో మా రూమ్మేటుకి ఓ అరగంట వివరించాను కూడా. పాపం, విన్నాడు.

షాట్ల ఎంపిక సంగతికొద్దాం. బుట్ట కిందికెళ్ళి వేసే షాట్లు పదికి ఆరు పడతాయనుకోండి, 12 పాయింట్లు. మూడు పాయింట్ల గీత బయటినుంచి కాలేజీ జట్లు వేసేవి నూటికి 34 దాకా పడతాయి, అంటే పది షాట్లకి 10 పాయింట్లు. ఈ రెంటికీ మధ్య, గీతకి అడుగు లోపల నిలబడి వేసే షాటు ఉంది చూశారూ, అది 38 శాతం పడిందనుకున్నా పదికి ఏడున్నర. ఒక్క అడుగు వెనక్కి జరిగితే అదే చేత్తో అదే షాటుకి మూడు! కాలి బొటనవేలు గీత మీదుంచి వేసే షాటంత దండగమారి షాటు ఈ ఆటలో లేదు. మగవాళ్ళ కాలేజీ ఆటలో ఆ గీత 1986-87 సీజన్లో 19 అడుగుల 9 అంగుళాల దగ్గర మొదలైంది, 2008-09లో ఒక అడుగు వెనక్కెళ్ళింది, 2019-20లో 22 అడుగుల 1¾ అంగుళాలకి చేరింది. అయినా లెక్క మారలేదు. దీన్నిబట్టి నేను చేసుకున్న సిద్ధాంతం ఏమిటంటే, సామర్థ్యం తక్కువున్నవాడు చెడ్డ షాట్లు వేస్తున్నాడు, చెడ్డ షాట్లు వేసేవాడు స్వార్థపరుడు. మరావిచ్ కేసు క్లోజ్.

ఈ సిద్ధాంతంలో బొక్క ఉందని నాకు ముందే అనుమానం రావాల్సింది. ఎందుకంటే 1985 ఫైనల్ కథ నాకు తెలుసు. పాట్రిక్ యూయింగ్ ఉన్న జార్జ్‌టౌన్ మీద విల్లనోవా 66-64తో గెలిచింది. విల్లనోవా మ్యాచి మొత్తంలో వేసిన షాట్లు 28, పడ్డవి 22. అంటే 78.6 శాతం! జార్జ్‌టౌన్ మాత్రం తక్కువ తిందా, 53కి 29 వేసింది, దాదాపు 55 శాతం. అయినా ఓడిపోయింది. మరి అలా 78 శాతం అందరూ ఎందుకు వెయ్యరు? ఆ టోర్నమెంటులో షాట్ క్లాక్ లేదు కాబట్టి! నచ్చిన షాటు దొరికేదాకా బంతిని తిప్పుకుంటూ కూర్చోవచ్చు. మరుసటి సీజన్ నుంచి 45 సెకన్ల గడియారం పెట్టారు, 1993-94లో 35 చేశారు, 2015-16లో 30. ఆ గడియారం వచ్చాక ఒక కొత్త పని పుట్టింది. మంచి షాటు దొరకలేదు, ఇంకో మూడు సెకన్లలో బంతి పోతుంది, ఎవడో ఒకడు ఆ చెడ్డ షాటు వెయ్యాలి. ఎవడు వేస్తాడు?

ఇక్కడే ఉంది అసలు సంగతి. 22 సెకన్లు మిగిలుండగా తొందరపడి వేసిన పిచ్చి షాటూ, 2 సెకన్లున్నప్పుడు ఇద్దరు మీద పడుతుండగా వేరే దారి లేక వేసిన షాటూ తప్పితే, స్కోరు షీటులో రెండూ ఒకేలా ఉంటాయి. ఒక ప్రయత్నం, సున్నా. ఆ పక్కన గడియారం కాలమ్ ఉండదు.

ఇంకో తమాషా. 2012 నవంబరు 20న ఐయొవాలోని గ్రిన్నెల్ అనే చిన్న కాలేజీలో జాక్ టేలర్ ఒక్క మ్యాచిలో 138 పాయింట్లు కొట్టాడు. మీరు చదివింది నిజమే, 138. వేసినవి 108 షాట్లు, పడ్డవి 52, అందులో మూడు పాయింట్లవి 27. ప్రపంచమంతా వార్త అయింది. తిట్టినవాళ్ళూ ఉన్నారు, 108 షాట్లేంట్రా నాయనా అని. తీరా లెక్కేస్తే అతని ట్రూ షూటింగ్ 61 శాతం దాకా వస్తుంది, అంటే మరావిచ్ కన్నా ఎంతో మెరుగు. అదే మ్యాచిలో ఓడిపోయిన జట్టువాడు డేవిడ్ లార్సన్ 44 షాట్లు వేసి 34 పడేశాడు, 70 పాయింట్లు. సామర్థ్యం ప్రకారం ఆ రాత్రి మొనగాడు లార్సనే. కానీ గ్రిన్నెల్ ఆడే పద్ధతే అంత, మైదానమంతా పరిగెత్తి మీదపడతారు, వాళ్ళని దాటినవాడికి బుట్ట కింద షాటు ఉచితంగా వదిలేస్తారు. స్కోరు 179-104. ఇప్పుడు చెప్పండి, 77 శాతం వేసిన లార్సన్ మరావిచ్ కన్నా గొప్ప ఆటగాడా? ఎవరూ అనరు. నేను కూడా అనను. అలాంటప్పుడు ఒక్క శాతం చూసి మరావిచ్‌ని తీసిపారెయ్యడం ఏ న్యాయం? అది నాకప్పుడు తట్టలేదు.

తట్టింది ఆఫీసులో. ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

చదువైపోయాక చేరిన కంపెనీలో (పేరెందుకు లెండి) మా టీముకి ప్రొడక్షన్ టికెట్లు వస్తుంటాయి. 2024లో మా మేనేజరు ఎవరు ఎంత పని చేస్తున్నారో ఒక చోట కనిపిస్తే బావుండునన్నాడు. నేను ఎగిరి గంతేసి ఒక వీకెండ్ కూర్చుని స్క్రిప్టు రాసేశాను. మనిషికెన్ని టికెట్లు, టికెట్‌కెన్ని గంటలు, మళ్ళీ తిరిగొచ్చినవి ఎన్ని. అచ్చం పోమరాయ్ పద్ధతే, గంటకెంత సామర్థ్యం అని. రంగులేసి మరీ పెట్టాను. పైన ఆకుపచ్చ, కింద ఎరుపు.

ఎరుపులో అన్నిటికన్నా కిందకొచ్చిన పేరు మా టీములో ఉన్న ఒక కాకినాడ ఆయనది. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టు మీద పనిచేసేవారు, మేమందరం అన్నా అని పిలిచేవాళ్ళం. ఆయన టికెట్లు తక్కువ, గంటలు ఎక్కువ, తిరిగొచ్చేవీ ఎక్కువ. ఎందుకంటే పన్నెండేళ్ళనాటి బిల్లింగ్ మాడ్యూల్ ఒకటుంది, దాన్ని రాసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు, డాక్యుమెంటేషన్ లేదు. దాంట్లో ఏ బగ్గొచ్చినా మేమందరం స్క్రీన్ వైపు చూసి, కాఫీకి లేచేవాళ్ళం. ఆయన తీసుకునేవారు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చినవి కూడా. సెకన్లు అయిపోతున్నప్పుడు బంతి ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేదన్నమాట. ఇది నాకు తెలియదా? తెలుసు. రోజూ పక్క సీట్లో కూర్చుని చూసినవాణ్ణే. స్క్రిప్టు రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఏడాది చివర ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. నా ఎరుపు రంగు వల్లేనా అంటే, అదొక్కటే అయ్యుండదు, బడ్జెట్ గోల కూడా ఉంది. కానీ ఆ మీటింగులో స్క్రీన్ మీద పెట్టింది మాత్రం నా పేజీనే, అది నేను కళ్ళారా చూశాను. హెచ్-1బీ మీదున్నవాడికి ఉద్యోగం పోతే ఎన్ని రోజుల గడువుంటుందో ఇది చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అరవై. పిల్లల స్కూలు మధ్యలో ఉంది. అదృష్టం బావుండి ఏడో వారంలో వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు దొరికింది. వెళ్ళేముందు బాక్సు సర్దుకుంటుంటే నేను వెళ్ళి ఏదో నసిగాను. ఆయన నవ్వి, "నీ లెక్కలో తప్పేం లేదు తమ్ముడూ" అన్నారు. కోప్పడి ఉంటే బావుండేది.

ఆ తర్వాత మా టీములో ఏం జరిగిందో తెలుసా? అందరూ తెలివిమీరిపోయారు. తేలిక టికెట్లు తెల్లారేసరికి మాయం. బిల్లింగ్ టికెట్లు అలా పడుంటాయి, పడుంటాయి, ఎవరికీ కనపడవు. మనుషులు చెడ్డవాళ్ళని కాదు, నేను చెయ్యలేదా ఏమిటి. నేనూ చేశాను.

ఇదే రోగం బాస్కెట్‌బాల్‌లోనూ ఉంది. క్వార్టరు ముగిసే చివరి సెకనులో మైదానం అవతలి కొసనుంచి బుట్ట వైపు విసిరే షాటు చూసే ఉంటారు. పడితే జట్టుకి మూడు పాయింట్లు, పడకపోతే జట్టుకి పోయేదేమీ లేదు. కానీ వేసినవాడి శాతం తగ్గుతుంది! అందుకని కొందరు గడియారం సున్నా అయ్యేదాకా ఆగి, గంట మోగాక విసిరేవారు, లెక్కలోకి రాకుండా. తమ జట్టుకి ఉచితంగా వచ్చే అవకాశాన్ని తమ శాతం కోసం వదులుకోవడమన్నమాట. చివరికి ఎన్‌బీఏ వాళ్ళు 2025-26 సీజన్ నుంచి పడకుండా పోయిన అలాంటి దూరపు షాట్లని ఆటగాడి ఖాతాలో కాకుండా జట్టు ఖాతాలో రాస్తామని రూలు మార్చారు. మనుషుల్ని మార్చడం కుదరక స్కోరు షీటుని మార్చారు. నాకైతే ఈ మధ్యకాలంలో ఆటలో వచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే. కాలేజీ ఆటలో ఇంకో రకం కూడా చూస్తుంటాను. నాలుగు సెకన్లున్నప్పుడు, ఒత్తు తీసిన బాంబుని పక్కవాడి చేతిలో పెట్టినట్టు, బంతిని పాస్ చేసి తప్పుకుంటారు. తప్పిన షాటు పక్కవాడి పేరు మీద పడుతుంది. పాసిచ్చినవాడి శాతం అద్దంలా మెరుస్తుంటుంది.

సరే, మరావిచ్ దగ్గరికి తిరిగొస్తాను. ఆఫీసు వ్యవహారం జరిగాక ఒక రాత్రి నిద్ర పట్టక, మా రూమ్మేటు అప్పుడడిగిన లెక్క తీసి చూశాను. మరావిచ్ అసలు జట్టులోకి రాకముందు సీజన్, 1966-67లో ఎల్‌ఎస్‌యూ గెలిచినవి 3, ఓడినవి 23. కోచ్ అప్పుడూ వాళ్ళ నాన్నే. మరావిచ్ వచ్చిన ఏడాది 14 గెలిచి 12 ఓడింది. తర్వాత 13-13. ఆఖరి ఏడాది 22-10. అదీ ఆ 43.8 శాతంతోనే. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద సగటు కూడా సుమారు 44 శాతమే. అంటే ఎదుటి జట్టు మొత్తం తన మీదే కాపలా పెడుతుంటే, మ్యాచికి 38 షాట్లు వేసి, ఆయన మామూలు ఆటగాళ్ళు మామూలు షాట్లు వేసినంత బాగా వేశాడు. ఆ 38లో పదిహేను తీసి మిగతావాళ్ళకి పంచితే మరావిచ్ శాతం పెరిగేది, అనుమానం లేదు. జట్టుకి ఏమయ్యేది? 3-23 నాటి జట్టుని చూస్తే నాకు ఆ జవాబు భయంగానే ఉంది.

దీని గురించి ఆలివర్ ఎప్పుడో చెప్పాడు. ఒక ఆటగాడి మీద పడే భారం పెరిగేకొద్దీ అతని సామర్థ్యం తగ్గుతుంది, కాబట్టి రెండూ కలిపి చూడాలని. నేను అది చదివాను కూడా! సూత్రం బట్టీ పట్టి ఆ అధ్యాయాన్ని గాలికొదిలేశాను. శాతం అనేది భిన్నం. కింద ఉన్న అంకెని తగ్గించుకుంటూ పోయినా అది పెరుగుతుంది. ఇది మనకి ఆరో తరగతిలో చెప్పారు.

అలాగని "పాత రోజులే మేలు, లెక్కలన్నీ దండగ" అనే పెద్దల గుంపులో నన్ను కలపకండి. 22 సెకన్లుండగా గీత మీద బొటనవేలు పెట్టి రెండు పాయింట్ల షాటు వేసేవాణ్ణి నేనిప్పటికీ తిట్టుకుంటాను, వాడికి వేరే దారులు ఇంకా తెరిచే ఉన్నాయి కాబట్టి. జట్టు మొత్తానికి పొసెషన్‌కెన్ని పాయింట్లు అన్నదాన్ని మించిన కొలత నాకు తెలిసి లేదు. ఆ కొలతని ముక్కలు చేసి ఒక్కో మనిషి మెడలో వేలాడదీసేటప్పుడే జాగ్రత్త కావాలి. ఎన్‌బీఏలో అయితే ఐదుగురూ ఆరితేరినవాళ్ళే కాబట్టి కొంత నయం. కాలేజీలో ఒక్కడే ఉంటాడు, మిగతా నలుగురూ కుర్రాళ్ళు, ఏడాదికో జట్టు మారిపోతుంటుంది. అక్కడ ఆ ఒక్కడి శాతాన్ని విడిగా చూడటమంటే, ఆఖరి ఓవర్లు వేసే బౌలరు ఎకానమీని పదో ఓవర్లో వచ్చే స్పిన్నరుతో పోల్చడమే.

2016 ఫైనల్ గుర్తుందా? నార్త్ కరోలినా మూడు పాయింట్లు వెనకబడి ఉంది. మార్కస్ పేజ్ గాల్లోకి లేచాడు, మీదికొచ్చినవాణ్ణి తప్పించడానికి చేతులు ఒకసారి కిందికి దించి, మళ్ళీ ఎత్తి, ఒళ్ళు మెలితిరిగి ఉండగానే విసిరాడు. 4.7 సెకన్లు మిగిలుండగా పడింది, 74-74. ఏ కోచ్ పాఠంలోనూ అది మంచి షాటు కాదు. తర్వాత విల్లనోవా క్రిస్ జెంకిన్స్ చివరి సెకనులో మూడు పాయింట్ల షాటు వేసి 77-74తో కప్పు పట్టుకుపోయాడు, అది వేరే కథ. పేజ్ షాటు పడకపోయుంటే అతని పేరు పక్కన ఇంకో సున్నా చేరేది. ఆ సున్నాకి సిద్ధపడే వేశాడు.

అన్నట్టు ఆ 3,667ని చివరికి దాటింది ఐయొవా అమ్మాయి కేట్లిన్ క్లార్క్. 2024 మార్చి 3న, అదీ ఫ్రీ త్రోలతో. మొత్తం 3,951 దగ్గర ఆపింది. ఆ సీజన్లో స్కోరింగులోనూ, పక్కవాళ్ళకి బంతి అందించడంలోనూ దేశంలో ఆమే మొదటిది. మైదానం మధ్యనున్న బొమ్మ దగ్గరనుంచి ఆమె వేసే షాట్లు వేరేవాళ్ళు వేస్తే కోచ్ బెంచీ ఎక్కిస్తాడు. ఆమె వేస్తే ఎదుటివాళ్ళు అక్కడిదాకా వచ్చి కాపలా కాయాలి, వెనకాల నలుగురికీ చోటు దొరుకుతుంది. ఆ చోటు ఏ కాలమ్‌లో రాస్తారు? మగవాళ్ళ రికార్డు మాత్రం ఇప్పటికీ మరావిచ్‌దే.

ఇప్పుడు మ్యాచి చూసేటప్పుడు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటున్నాను. షాటు వేసినప్పుడు గడియారంలో ఎన్ని సెకన్లున్నాయో రాసుకుంటాను, అంతే. మా ఆఫీసు స్క్రిప్టులో కూడా ఒక కాలమ్ చేర్చాను, టికెట్ ఎన్ని రోజులు ఎవరూ ముట్టుకోకుండా పడుంది, ఏ మాడ్యూలుది అని. మేనేజరు చూసి బావుందన్నాడు. రంగులు తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

మొన్న మా రూమ్మేటుకి (ఇప్పుడు వాడు డల్లాస్‌లో ఉంటున్నాడు) ఫోన్ చేసి, మరావిచ్ విషయంలో నువ్వే కరెక్టురా అని ఒప్పుకున్నాను. 3-23 నుంచి మొదలుపెట్టి కాకినాడ అన్న దాకా అంతా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు:

"నాకు చెప్పినవ్ సరే, గీ ముచ్చట ఆ అన్నకు చెప్పినవా?"

చెప్పలేదు. నంబరు ఉంది. ఆదివారం పొద్దున ఆయన ఖాళీగా ఉంటారని విన్నాను, అప్పుడు చెయ్యాలి.